బల్ల

సఖినేటిపల్లి రేవులో, టిక్కెట్ల గది పక్కన
పెమ్మాడి జోగిరాజు పెట్టిన గేముల కొట్టు.
రెండు టీవీలు. ఒకదాంట్లో ఎరుపు రాదు,
నిప్పు కూడా ఆకుపచ్చగానే మండేది.
అరగంటకి మూడు రూపాయలు.
పంటు అవతలి ఒడ్డున ఉన్నంతసేపూ ఆడొచ్చు,
హారన్ వినబడితే లేవాలి.

గాలిలో తేలుతూ తిరిగే చెక్కని
మేం బల్ల అనేవాళ్ళం.
అసలు పేరేంటో మాకెవరు చెబుతారు?

నిప్పు కక్కే పీతలకి నేనెప్పుడూ భయపడలేదు.
పీతకి కళ్ళున్నాయి, చంపుతానని చెప్పే వస్తుంది.
బల్లకి మొహం లేదు.
రా, ఎక్కు, నేనున్నాగా అన్నట్టు
బంతిలో కొసరి వడ్డించేవాడిలా
అటూ ఇటూ తిరుగుతుంటుంది.
నమ్మి నిలబడ్డామా,
నెమ్మదిగా, ఎంతో మర్యాదగా పైకి తీసుకెళ్ళి
కప్పుకేసి నల్లిని నలిపినట్టు నలుపుతుంది.

అదీ పర్లేదు. ఆరో లెవెల్ సంగతి వేరు.
కింద నీళ్ళు. ఒక్కటే బల్ల.
ఎక్కాక దిగడానికి ఒడ్డు లేదు.
ఎదురుగా ముళ్ళ గుంజలు వస్తాయి, ఎగరాలి.
నేను గాలిలో ఉన్న ఆ కాస్తలో
బల్ల నా కాళ్ళ కిందనుంచి ముందుకెళ్ళిపోతుంది.
దిగేసరికి నీళ్ళు.
"మళ్ళీ మునిగావా?" అనేవాడు జోగిరాజు,
చిల్లర లెక్కపెట్టుకుంటూ, తల ఎత్తకుండా.

కిటుకు చెప్పింది సువార్త.
రొయ్యల షెడ్డులో తలలు తీసే పిల్ల,
వేళ్ళు నాని తెల్లగా ముడతలు పడి ఉండేవి.
తను ఆడి లేస్తే బటన్లు తడిగా, నీచువాసన.
"ఎగిరినా కుడి బటన్ వదలకు.
అది మోస్తోంది కదాని నువ్వు నడక మానేస్తావేంట్రా?"
పదమూడేళ్ళు దానికి.
పెద్ద మాటేం కాదు, బటన్ గురించే చెప్పింది.

ఆ సాయంత్రం నర్సాపురం వెళ్ళే పంటు ఎక్కాను.
కొబ్బరి డొక్కల ట్రాక్టరు, రెండు గేదెలు,
ఐసు పెట్టెల మోపెడ్లు.
వశిష్ట నడిమికి వచ్చాక
ఎవరూ చూడట్లేదనుకుని ఎగిరాను.
అదే రేకు మీద, అదే తుప్పు మేకు పక్కన దిగాను.
ఇంకోసారి. అక్కడే.
గేదె చూసింది.
సరంగు కాశీలింగం పైనుంచి కేకేశాడు,
"ఏరా, కాలికి గండుచీమ కుట్టిందా?"

పంటు నన్ను వదిలేసి పోలేదు!
గోదారికి ఆటకంటే జాలి ఎక్కువని
ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు నాకు.

చెబితే సువార్త నవ్వింది.
"మధ్యలో ఎగిరితే ఏముంది,
ఒడ్డు దగ్గర ఎగురు, తెలుస్తుంది."

రోజూ చూసేదే. మర్నాడే కనబడింది.
పంటు పెదవికీ రేవు గోడకీ మధ్య
మూరెడు నీళ్ళు, జానెడు నీళ్ళు, మళ్ళీ మూరెడు.
పోటు మీద ఒక లెక్క, పాటు మీద ఒక లెక్క.
గొలుసు ఇంకా దిగలేదు, మోపెడ్లు ఉరకనే ఉరికాయి.
గాజుల పెట్టె మనిషి ఒక కాలు అటు వేశాడు,
రెండో కాలి చెప్పు నీళ్ళలో పడింది.
వెంటనే పంటు గోడకి తగిలింది.
గోడకి కట్టిన లారీ టైరు
అప్పడంలా నలిగి, మళ్ళీ ఉబ్బింది.
ఆయన తన చెప్పులేని కాలినే చూసుకుంటూ
చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

కొట్టు వరదకి పోయింది. ఆరో లెవెల్ నేను దాటలేదు.
ఇప్పుడా గొలుసు దగ్గర నిలబడేది నేనే.
"ఆగండి బాబూ, తగలనివ్వండి" అని
రోజుకి ఇరవై రేవులు అరుస్తాను.
ఒక కుర్రాడు ఫోన్లో ఏదో ఆడుతూ
అందులో బల్ల కోసం ఊపిరి బిగబట్టి,
తను నిలబడ్డది ఎక్కడో మర్చిపోతాడు.
భుజం పట్టుకుని ఆపితే విసుక్కుంటాడు.

మంగళవారాలు సువార్త వస్తుంది,
ఇప్పుడు ప్లాంటులో సూపర్‌వైజరు.
అందరికీ చెప్పినట్టే తనకీ చెబుతాను. వినదు.
జానెడుందనగా చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి
ఎగురుతుంది.
రెండో చేతి బొటనవేలు
గాలిలో దేన్నో నొక్కిపట్టే ఉంటుంది,
రెండు కాళ్ళూ సిమెంటు మీద ఆనేదాకా.