రెండో ముఖం

నా బ్యాడ్జి మీద మోనా అని ఉంటాది.
ఇంట్లో మునిలక్ష్మిని.
పేరు మార్చిన రోజు పురందర్ సారు చెప్పినాడు,
"ఇదీ మేకప్పే మా, కడిగితే పోతుంది."

చిత్తూర్లో మూడు దినాల ట్రైనింగు.
ఏసీ గది, ప్లేటు బిర్యానీ, నీలం అట్ట పుస్తకం.
నలుపు అనకూడదు, "కాంతి తగ్గింది" అనాల.
ముసలితనం అనకూడదు, "అలసట" అనాల.
గోడౌన్లో అట్టపెట్టెలు పైకప్పును తాకతా ఉన్నా
"రెండే మిగిలినాయి మేడం" అనాల.
అమ్మేది ఆశ, అన్నాడు సారు,
భయం మటుకు ఊరికే ఇయ్యండి, సాంపిల్ మాదిరి.

ఇంకోటి చెప్పినాడు.
కళ్ళ కిందికి చూడాల, ఒక్క క్షణం,
చూసి చూపు తిప్పేసుకోవాల.
తిప్పుకున్న ఆ చూపే సగం బేరం.
మిగతా సగం వాళ్ళే అద్దంలో వెతుక్కుంటారు.

నేను బాగా నేర్చుకున్నా.
గాంధీ రోడ్డులో మా కౌంటరుకు
సబ్బు కోసం వచ్చిన టీచరమ్మ
పద్నాలుగు వందల సీరం కొనుక్కోని పోయింది.
నేనేం చెప్పలా.
"నిద్ర సరిగ్గా పోతా ఉండారా మేడం" అన్నా, అంతే.
ఆ రాత్రి నాకే నిద్ర పట్టలా.

ఏడుకొండల ఊర్లో
ఏడు ముఖాల కార్డు నా చేతిలో.
ఒకే అమ్మాయి, ఎడమ నుంచి కుడికి తెల్లబడతా పోతాది,
తెల్లబడే కొద్దీ నవ్వుతా పోతాది.
మొదటి ముఖం మా అమ్మది.
రెండోది నాది.
దాన్ని బొటనవేలితో మూసి చూపిస్తా.

బస్టాండు ఎదురుగా మా కంపెనీ హోర్డింగు.
నలభై అడుగుల జుట్టు,
గాలి లేకపోయినా ఎగరతా ఉంటాది.
"నీ జుట్టే నీ ధైర్యం" అని రాసినారు.
దాని కింద దినామూ గుండ్లు,
గంధం పూసిన గుండ్లు,
కొండ దిగి పుంగనూరు బస్సుకు పరిగెత్తే గుండ్లు.
ఒక్కటీ తలెత్తి చూడదు.

మొన్న శనివారం ఒకామె లోపలికొచ్చింది.
చెంగమ్మ అంట, పలమనేరు దగ్గర, టమాటా మండీలో కూలి.
పచ్చి గుండు, చెవి వెనక ఎండిన గంధం.
అలవాటుగా కళ్ళ కిందికి చూసినా, తిప్పుకున్నా.
"ఏం పాపా, మెడ పట్టిందా?" అనింది.

మనసులో పుస్తకం తిరగేసినా.
రాలే జుట్టుకు నాలుగో పేజీ,
నెరిసినదానికి ఏడు,
పల్చబడితే తొమ్మిది.
కావాలని ఇచ్చేసి వచ్చినామెకు
పేజీ లేదు.

"అద్దం చూపిస్తావా?"
మా అద్దం చుట్టూ పన్నెండు బల్బులు.
తల అటూ ఇటూ తిప్పి,
నెత్తి మీద అరచేత్తో డోలు మాదిరి తట్టి,
"అచ్చం మా నాయనే!" అని
పడీపడీ నవ్వింది. వెనక నిలబడిన మేడం
లిప్‌స్టిక్కు కింద పెట్టేసి నవ్వింది.

పోతా పోతా రూపాయి షాంపూలు నాలుగు అడిగింది.
"నా కూతురికి. ఆ బొమ్మ జుట్టంటే పిచ్చి దానికి,
బస్సులో కూడా తల తిప్పి తిప్పి చూస్తాది."
చీర కొంగు ముడి విప్పి చిల్లర లెక్కపెట్టింది.
నేను బిల్లు కొట్టినా.

నెలాఖరుకు ఇంకా పదకొండు వేలు అమ్మాల.
షట్టర్ దించే ముందు కార్డు బల్బు కింద పెట్టి
వేలు తీసి చూసినా.
రుద్ది రుద్ది
రెండో ముఖం
తెల్లబడి ఉండాది.