స్తంభం

టోక్యో నుంచి రైల్లో యాభై నిమిషాలు.
మా స్టేషన్ వచ్చేసరికి
పెట్టెలో నిలబడ్డవాళ్లు ఎవరూ మిగలరు.

మంగళవారం, ప్లాస్టిక్ చెత్త.
కాకులు పీకకుండా నీలం వల కప్పి
అంచున ఇటుక పెడతాను.
ఇటుక ఇసోగాయి గారిది.
ఎవరూ అడక్కుండానే ఒకరోజు తెచ్చి పెట్టారు.

మూడున్నరకి లౌడ్‌స్పీకర్ స్తంభం గొంతు సవరించుకుంది.
"ఎనభై మూడేళ్ల పెద్దాయన. గోధుమరంగు టోపీ.
పొద్దుటి నుంచి కనబడటం లేదు."
బడి పక్క స్తంభం అవే మాటల్ని
అరక్షణం వెనకబడి అంటుంది.
టోపీ, టోపీ.
లేదు, లేదు.

పేరు చెప్పరు, మర్యాద.
ఈ వీధిలో గోధుమరంగు టోపీ ఒక్కటే.

స్టవ్ కట్టేశాను.
ఎదురింటి కుమెకో
చెప్పులో కాలు దూరీ దూరకుండానే గేటు దాటింది.
పదకొండేళ్లుగా తలవంచి పలకరించుకోవడమే,
కలిసి నడిచింది లేదు.
ముల్లంగి మడుల గట్టు మీద,
కాలవ వంతెన కింద,
ఏమని పిలవాలి? ఇంటిపేరే తెలుసు మాకు.
బాకీ వసూలుకొచ్చిన వాళ్లలా
"ఇసోగాయి గారూ, ఇసోగాయి గారూ."

చీకటి పడ్డాక మళ్లీ స్తంభం:
"ఆచూకీ తెలిసింది. సహకరించినందుకు కృతజ్ఞతలు."
తలు, తలు, అంది బడి వైపు నుంచి.
ఎక్కడ, ఎలా ఉన్నారు,
అసలు ఉన్నారా,
అదేమీ చెప్పరు.

మలుపులో ఇద్దరం ఆగాం.
తల వంచాలో, చెయ్యి పట్టుకోవాలో.
"రేపు పాత పేపర్లు వేసే రోజు కదా," అంది కుమెకో.
"అవును, తాడు ఉందా మీ దగ్గర?"
ఉందిట. సగం కోసి ఇచ్చింది.

పొద్దున్నే వెళ్లేసరికి
వల మీద ఇటుక ఉంది.
నేను పెట్టింది కాదు.