మంగళవారం నాకెవరూ తెలియదు

మంగళవారం సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా
ఈ లోయలో నాకెవరూ తెలియదు.

బొగ్గు గని మూతబడ్డాక ప్రార్థనలూ ఆగిపోయిన చాపెల్,
దాని పైఅంతస్తులో మా క్లినిక్.
కింద గురువారాలు బింగో, శనివారాలు పాతబట్టల అమ్మకం.
మెట్ల దగ్గర బోర్డు మీద ‘ఆరోగ్య సలహా’ అని మాత్రమే ఉంటుంది.
ఎలాంటి సలహానో రాయడానికి
కమిటీకి పదకొండేళ్ళుగా చోటు చాలలేదు.

వేల్స్‌లో ఒంటివీధి ఊరు మాది.
ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు.
రొట్టెల కొట్లో తుమ్మితే
బస్టాపులో జలుబు మందు చెబుతారు.

అందుకే పేర్లు పిలవను.
పాత బింగో బిళ్ళలు, అంచులరిగిన చెక్కవి,
తలా ఒకటి ఇస్తాను.

మూడో నంబరు తలుపు దగ్గరే నిలబడి
గొడుగు నాలుగుసార్లు విదిలించి
“తలనొప్పి మాత్రలు దొరుకుతాయా?” అన్నాడు.
వాడి పాలపళ్ళు ఊడిన సంగతి కూడా నాకు తెలుసు,
బుధవారమైతే.
సొరుగులోంచి కాగితం సంచి తీసిచ్చాను.
“ఇవి తలనొప్పి రాకముందు వాడేవి,” అన్నాను.
చెవులదాకా ఎర్రబడి, పరుగున దిగిపోయాడు.
గొడుగు మర్చిపోయాడు.

ఎనిమిదో నంబరుకి అరవై నాలుగేళ్ళు.
భర్త పోయి ఆరేళ్ళు, లిప్‌స్టిక్ కొని వారం.
“ఈ వయసులో పరీక్షలేమిటని నవ్వకు.”
నవ్వలేదు. పెన్ను కింద పడితే వంగాను, అంతే.
నర్సు మార్గెడ్ గదిలోంచి బయటికొచ్చి
“ఆయన్ని కూడా రమ్మన్నారు!” అంది,
బృందగానంలో పాడే నిండు గొంతుతో.
నాలుక కరుచుకుంది.
కుర్చీల్లో ఉన్న అయిదుగురూ
ఒక్కసారిగా హీటర్ వైపు తిరిగి
ఇలాంటి హీటర్ ఎన్నడూ చూడనట్టు చూశారు.

పదిహేనో నంబరు ముగ్గురు పిల్లల తల్లి.
మోచేతికి పైన, చర్మం కింద,
అగ్గిపుల్లంత కడ్డీని నా చేత తడిమించి
“మూడేళ్ళు హాయిగా నిద్రపోతా,” అంది.

పోయిన నెల ఆఖరి మంగళవారం
ఏడుంబావుకి మెట్ల మీద బూట్ల చప్పుడు.
ఎడమ మడమ కాస్త ఈడుస్తూ.
ఆ బూట్లు నేను కొన్నవి.

తలెత్తలేదు. బిళ్ళ జరిపాను.
ఇరవై రెండు. బింగోలో దాన్ని రెండు బాతులంటారు.

“పేరు?”
“ఎలెరి.”
“పుట్టిన తేదీ?”
చెప్పింది.
మంచులో అంబులెన్సు వంతెన దాటలేకపోయిన రాత్రి అది.
కొత్తగా విన్నట్టు రాసుకున్నాను.
అంకెలు వంకర పోయాయి. పెన్ను మంచిది కాదు.

“ఇంట్లో ఎవరికైనా తెలుసా?”
ప్రశ్న నాది కాదు, ఫారానిది.
గోడ మీద పోస్టరు చూసింది. నన్ను చూసింది.
“తెలియదండీ.”
పదిహేడేళ్ళలో నన్ను ‘అండీ’ అనడం
అదే మొదటిసారి.
‘తెలియదు’ దగ్గర టిక్కు పెట్టాను.

ఒకప్పుడు పాదిరిగారి గది అది. మందపాటి ఓక్ తలుపు.
లోపలి మాట బయటికి రాదని
వచ్చినవాళ్ళందరికీ నేనే చెబుతుంటాను.
నిజమేనని ఆ రోజు తేలింది.
ఇరవై నిమిషాలు.

మా అమ్మకి ఇలాంటి మెట్లు లేవు.
ఏ మాటైనా కడుపులో దాచుకోమనేది.
పంతొమ్మిదేళ్ళప్పుడు ఆమె దాచుకున్న మాట
నేనే.

ఇంటికెళ్ళేసరికి ఎలెరి బఠాణీలు ఉడికించి
పళ్ళేలు సర్దుతోంది.
“ఇవాళ చాలామంది వచ్చారా అమ్మా?”
“వచ్చారు.”
“తెలిసినవాళ్ళెవరైనా?”

ఉప్పు అందించాను.
“ఇవాళ మంగళవారం,” అన్నాను.