ఉప్పు గీత

తొలకరి చినుకు కంచరపాలెం మెట్ట మీద పడగానే
మా నాయనమ్మ అసిరమ్మ
గడపకి అడ్డంగా కల్లుప్పు పోసేది.
"జెలగలొస్తాయర్రా."

ఇక్కడ జలగలెక్కడివి?
రైలు పట్టాలు, రేకుల ఇళ్ళు,
కొండ మీంచి జారొచ్చే ఎర్రనీళ్ళు తప్ప.
ఆ ఎర్రనీళ్ళని కూడా తొక్కనిచ్చేది కాదు.

పెళ్ళయి రంగం ఓడెక్కేనాటికి ఆమెకి పదమూడేళ్ళు.
తాత గురువులు బియ్యం మిల్లులో బస్తాలు మోశాడు.
బాంబులు పడ్డాయి, నడిచొచ్చేశారు.
అంతే. దారిలో అడవి ఎన్నాళ్ళు పట్టిందని అడిగితే
చుట్ట తిరగేసి, నిప్పుని నోట్లో పెట్టుకుని
అడ్డపొగ పీల్చేది,
మాటని లోపల్లోపలే కాల్చేస్తున్నట్టు.

రాత్రి చాప మీద మా తలలు తాకి లెక్కపెట్టేది.
నాలుగు దాకా వచ్చి
ఐదో వేలు గాలిలో ఆగేది.
మేం నలుగురమే.

నాన్న షిప్‌యార్డులో వెల్డరు.
నిప్పురవ్వ ఒంటి మీద పడ్డా ఉలకడు.
తడి ఆకు మడమకి అంటుకుందా,
చిన్నపిల్లాడిలా కాలు విదిలించేస్తాడు.
ఆయనా అడవి చూళ్ళేదు.
నలభై ఎనిమిదిలో, ఈ రేకు కిందే పుట్టాడు.

హుద్‌హుద్ వచ్చిన రోజు రేకు లేచిపోయింది.
కొండ మీది చెట్లన్నీ ఒక్కసారిగా మూలిగాయి.
తొంభై దాటిన మనిషి, మంచం దిగి
వాన్లోకి నడిచి, చెట్లకేసి కేకేసింది:
"తవిటీ! కాలు నొప్పి తగ్గిందేటే?
ఇంక నడవగలవేటే?"

తవిటి. తవుడిచ్చి కొన్న గుంట.
అంతకు ముందు పోయిన ఇద్దరిలా పోకూడదని,
యముడికి రుచించకూడదని పెట్టిన పేరు.

తెల్లారేసరికి ఆకన్నది లేదు.
కొండలు కాల్చినట్టు నల్లగా నిలబడ్డాయి.
అరవయ్యారేళ్ళ మా నాన్న
విరిగిన వేపకొమ్మ మీద కూర్చుని
"నాకో అక్కుందా" అన్నాడు, ఎవరితోనూ కాదు.
నాయనమ్మ బదులు చెప్పలేదు. చుట్ట అడిగింది.
అగ్గిపెట్టెలన్నీ తడిసిపోయి ఉన్నాయి.

మొన్న ఆషాఢంలో, మధురవాడ ఫ్లాటులో,
ఉప్పు డబ్బా పట్టుకుని గుమ్మం దగ్గర కూర్చుంటే
మా అమ్మాయి అడిగింది:
"జలగలు లిఫ్టెక్కి ఆరో అంతస్తుకొస్తాయా నాన్నా?"

నవ్వాను. గీత మాత్రం గీశాను.
ఒక్కచోట వదిలేశాను,
మూడేళ్ళ పాదం పట్టేంత.