సంబంధిత అనుభవం

రేపు పొద్దున పదింటిలోగా పంపాలి.
వాళ్ళ నమూనాలోనే, నాలుగు పేజీలు దాటకుండా
నా ఇరవై రెండేళ్ళు.

పెరంబూరు మేడ మీద కరెంటు పోయింది.
లాప్‌టాప్ వెలుగుకి ఈసుళ్ళు వచ్చి
జూబాకీ ఖాట్మండుకీ మధ్య వాలుతున్నాయి.

మొదటి గడి దేశం. రెండోది ఎవరి డబ్బు.
మూడోది హోదా.
నాలుగోది, ఎన్ని రోజులు.
ఏళ్ళు కాదు, నెలలు కాదు, రోజులే.
మేస్త్రీ దగ్గర నిలబడ్డవాళ్ళకీ నాకూ లెక్క ఒకటే,
రేటే వేరు.

తూర్పు తిమోర్, నలభై రోజులు.
కొండ మీది పెద్దాయన వాగు చూపించి
వంతెన కావాలన్నాడు.
'స్థానిక సంస్థల సామర్థ్య లోపం' అని రాసుకున్నాను.
దక్షిణ సూడాన్, అరవైకి పద్దెనిమిది.
మిగిలినవి తుపాకులు తినేశాయి.
పద్దెనిమిదికే బిల్లు పెట్టాను. పైసలతో సహా వచ్చింది.

ఎక్కడైనా అదే హోటల్ హాలు,
గోడకంటించిన రంగు చీటీలు:
పారదర్శకత, జవాబుదారీతనం, భాగస్వామ్యం.
సాయంత్రానికి ఏసీ గాలికి రాలిపోతే
ఊడ్చే ఆవిడ చేటలోకి ఎత్తుకునేది.
ఆవిడ లేని దేశం ఇంకా చూడలేదు నేను.

అసలు మొదటి పనికి ఈ పట్టికలో చోటు లేదు.
పులియాంతోపు, కార్పొరేషన్ అడిపంపుల సర్వే,
రోజుకి నూట నలభై, బస్సు ఛార్జీ మనదే.
సఫాయి లైన్లలో అంతా మనవాళ్ళేనట,
తెలుగు వచ్చని నన్ను పంపారు.
అట్టకి దారం, దారానికి పెన్సిలు.

పదిహేడో నంబరు పంపు.
పిడికి పాత చీరపేలిక కట్టి ఉంది.
ముడి వేసిన పెంచలమ్మ
రాత్రి డ్యూటీ దిగి, చీపురు ఇంకా చంకలోనే,
మెట్టు మీద కూచుని నన్నే చూస్తోంది.
పనిచేస్తోందా, చేయడం లేదా?
ఫారంలో ఉన్నవి ఆ రెండే.
"పంపు పని చేస్తాది పాపా,
నీళ్ళే పని చెయ్యవు."
కొట్టి చూపించింది.
కాలవ కంపు, టీ రంగు.
"రాసుకుంటా ఉండావు గదా,
రాసింది ఎవురు చదవతారు?"

నేను నీళ్ళు నమిలాను.
ఆ వీధిలో ఆ పూట దొరికిన నీళ్ళు అవే.

ఆమె మాట మార్జిన్‌లో రాశాను.
ఏఈ గారు రబ్బరు తీసుకుని
మార్జిన్లు కంప్యూటరెక్కవమ్మా అని
మెత్తగానే చెరిపారు.
చెడ్డవాడు కాదు. నాకు టీ కూడా చెప్పారు.
పదిహేడు: పనిచేయుచున్నది.

ఆ తర్వాత ఏ దేశానికి ఏ ఫారం తయారుచేసినా
చివర ఒక ఖాళీ గడి పెడతాను. ఇతరములు.
టీమ్ లీడర్లు కొట్టేస్తారు.
మళ్ళీ పెడతాను.
మలావీలో ఒక్కసారి అచ్చుదాకా బతికింది.
అందులో ఎవరో, బోరు గొట్టంలో తేనెపట్టు పట్టిందనీ
ఈగలు పడుకున్నాకే, చీకట్లో, ఆడపిల్లలు నీళ్ళకి వెళ్తారనీ
పెన్ను ఒత్తి ఒత్తి పేజీ నిండా రాశారు.
అనుబంధం ఏడులో చేర్చాను.
ఎవరు చదివారో.

నైపుణ్యాలు అనే చోట ఏం రాయను?
ఫలితాల చట్రం, లబ్ధిదారుల సర్వే, నాలుగు భాషలు.
చీరపేలిక ముడి చూసి
లోపల నీళ్ళెలా ఉన్నాయో చెప్పగలనని రాస్తే
అది ఏ కోవలోకి వస్తుంది?
వెతికాను. ఈ నమూనాలో ఇతరములు లేదు.

కింద వీధిలో లారీ హారన్.
మూడుంబావుకి మెట్రో నీళ్ళు.
బిందెలు ఒకదాన్నొకటి తోసుకుంటున్న చప్పుడు,
ఎవరో ఎవరినో తిట్టి, అంతలోనే నవ్వడం.
బ్యాటరీ ఆరు శాతం.

తెర కింద నీలం గడిలో
రెండక్షరాలు: పంపు.

పనిచేస్తుంది, తెలుసు.
నొక్కి,
రెండు బిందెలు తీసుకుని కిందికి దిగాను.