పదహారణాల గొలుసు

ముప్పైమూడు అడుగులు, పదహారు అణాలు.
జలీల్ సాబు ఆ కొస, నేనీ కొస.
పరకాల దిక్కు ఎవ్వలి భూమి ఎంతుందో
ముప్పై ఒక్క ఏండ్లు
మా ఇద్దరి నడుమ ఇనుమే జెప్పింది.

సెలకలెంబడి గుంజంగ గుంజంగ
కడియాలు సాగినయి.
అణాకు జొన్నగింజంత,
గొలుసుకు నాలుగు ఏళ్లంత.
ఎవ్వలు సూత్తరు?
ముందుగాల కొలిపిచ్చుకున్నోళ్లకు
పుస్తకంల ఎకరం,
కాళ్లకింద ఎకరం మీద ఇంకింత.
తక్కువబడ్డది గెట్టుగెట్టు దాటుకుంట పోయి
ఊరి కొసన
బొల్లం కొమురవ్వ సెలకల కూలబడ్డది.

కాయిదంల ముప్పై గుంటలు.
కొలిత్తె ఇరువై ఎనిమిదిన్నర.
"గుంటన్నర ఎవ్వడు మింగిండు సారూ?"
సాబు నా దిక్కు సూసిండు.
నేను గొలుసు దిక్కు సూసి
సుట్టజేసి సంచిల ఏసిన.
ఆమె మల్ల అడుగలే.
కందికట్టె ఇరిసి కొసకు గుచ్చి
"ఉన్నకాడికే నాది, పోరి" అన్నది.

పదహారణాల సొంతమంటరు గదా మనోళ్లు.
ఎవ్వని అణాలో అవి!

అటెన్క క్రషరొచ్చింది.
గుట్ట సగం పిండయిపోయింది.
సుట్టున్న సెలకలన్ని సంతకం బెట్టినయి.
లారీల బాటకు అడ్డం
గా ఇరువై ఎనిమిదిన్నర గుంటలే.

తాసీల్ ఆఫీసుల ఆమెకు కుర్సీ ఏసిండ్రు.
ఎన్నడేసిండ్రు గనక!
చాయ్ సాసర్ల ఒంపుకొని
ఊదుకుంట, నిమ్మళంగ తాగి
"ఇయ్య" అన్నది.

ఫ్యాను ఒక్కటే తిరుగుతుంది.
ఓనరు ఫోను మీద ఏలు కదల్లేదు.
గోడకు ఆనుకొని నిలబడ్డ నేను
సొంతమంటె దాసుకునుడే అనుకున్న అన్నాళ్లు.
కాదు గావచ్చు.
పెద్దోని ముంగట కూసోని
వద్దనే మాట నోట్లెకు రావాల్నంటె
కాళ్లకింద ఇంత మన్నుండాలె.

గంత మన్నుల నేను గుంటన్నర కొరికిన.

గొర్లోళ్లకు మాత్రం
ఆమె సెలక నడుమ బాట ఇడిసింది.
ఏ నక్షల లేదు గా బాట.
ఎవ్వలూ అడుగలేదట. మందే అటు నడిసిందట,
ఆమె ఊకున్నదట.

ఇప్పుడు కొలుసుడు సాటిలైటు పని.
గొలుసు మా ఇంట్ల మొలకుంది.
తుప్పు రాల్తే మా కోడలు కసురుకుంట ఊడుత్తది.

మా ఇంటి జాగ గూడ
గా గొలుసుతోటే కొలిసిన.
అప్పటికే సాగింది.
నాకెరుకే.