పడవలో ఎవరు

నరెవ్ నది ఒడ్డున మా మిల్లు.
రాత్రి షిఫ్టులో నేను ఫోర్క్‌లిఫ్ట్ తోలతాను,
లుద్వికా బెల్టు దగ్గర నిలబడుతుంది.
వార్సా గోదాముల నుంచి లారీలొస్తాయి,
అమ్ముడుపోని పుస్తకాలు,
పురిటి నీళ్లారకముందే పాడెక్కినవి.
కొన్నిటికి ప్లాస్టిక్ పొర కూడా విప్పలేదు.

అట్ట ఒకవైపు, కాగితం ఒకవైపు,
జిగురంటిన వీపు ఇంకోవైపు.
కోడి ఈకలు పీకినట్టు పీకుతుంది.
పేరు చూడదు.
"చూస్తే పని సాగదు, బోగుమిల్."
తెల్లారేసరికి అంతా గుజ్జు,
గుజ్జు నుంచి అట్టపెట్టెలు,
ఆ పెట్టెల్లో ఎవరింటికో కొత్త ఫోన్లు.

టీ వేళ మాత్రం
తొడుగులు విప్పి ఫోన్లో చదువుతుంది.
గ్రంథాలయం అరువిచ్చిన నవల,
పద్నాలుగు రోజుల గడువు.
ఒక దీపస్తంభం, దాని కాపరి,
మాట్లాడని చెల్లెలు, మునిగిన పడవ.
బిస్కెట్టు విరిచిస్తూ నాకూ కొంత చెబుతుంది.
"పడవలో ఎవరున్నారు?"
"ఇంకా తెలీదు. డెబ్భై శాతంలో ఉన్నాను."
కథని శాతాల్లో కొలవడం
నేనప్పుడే విన్నాను.

పద్నాలుగో రాత్రి, ఎనభై ఏడు దగ్గర
తెర తెల్లబోయింది.
ఆమె కూడా.
మళ్లీ కావాలంటే ముందు నలభై మంది.
"ఫైలుకి కూడా క్యూనా?
ఇద్దరు ఒకేసారి చదివితే అరిగిపోతుందా?"
నాకేం తెలుసు, నేను బరువులెత్తేవాణ్ణి.

తొమ్మిది రోజులకి, మూడో లారీలో
పద్దెనిమిది పెట్టెలు,
అట్టమీద దీపస్తంభం.
దించింది నేనే.
చెబుదామనుకున్నాను. చెప్పలేదు.
ఒక్క ప్రతీ గేటు దాటకూడదు,
అన్నీ నాశనం చేశామని
ప్రచురణకర్తకు సంతకం పెట్టివ్వాలి.

అలవాటుగా ఏడెనిమిది పీకాక
ఆమె చేతులు ఆగాయి.
తర్వాత ఎర్ర బొత్తాం నొక్కింది.

అంత నిశ్శబ్దం ఆ మిల్లులో
నేనెప్పుడూ వినలేదు.
వేలు తడుపుకుంటూ, నిలబడే,
పేజీ తిప్పిన చప్పుడొక్కటే.
సూపర్‌వైజర్ మెట్లెక్కి వచ్చేదాకా
పదకొండు నిమిషాలు.
అవి జీతంలో కోశారు.

ఆఖరి పేజీ మూసి
ఆ పుస్తకాన్నీ పీకింది,
మిగతావాటికంటే కొంచెం మెల్లగా.

"పడవలో ఎవరు?" అన్నాను.
కళ్లు తుడుచుకుంది, కాగితం దుమ్మే కావచ్చు.
"చెబితే ఏముంటుంది," అంది.

వరసలో ఇప్పుడు
నేను ముప్పై ఆరోవాణ్ణి.